మీసం పందెం కాసిన పదకొండంకెల నంబరు

మా తమ్ముడు త్రినాథరావుకి ఈ లోకంలో రెండే ఆస్తులు. ఒకటి మీసం. రెండోది, ముప్పై ఆరేళ్ళ రైల్వే నౌకరీలో ఒక్క వ్యాగన్ నంబరు కూడా తప్పు రాయలేదన్న పేరు. కంచరపాలెంలో ఇల్లుంది గాని అది మా మరదలు పోతమ్మ పేరున ఉంది, కాబట్టి లెక్కలోకి రాదు.

మీసం సంగతి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున్న లేచి ముందు మీసం దువ్వుతాడు, తరవాత తల దువ్వుతాడు. తల మీద దువ్వడానికి ఏమీ లేదు, అయినా దువ్వెన చేతిలో ఉంది కదా అని దువ్వుతాడు.

పేరు సంగతి చెప్పాలి. వాడు యార్డులో నంబర్ టేకర్. పోర్టు నుంచి బొగ్గు ఎత్తుకుని బండి వస్తుంది. యాభై ఎనిమిది వ్యాగన్లు. ఒక్కోదాని ఒంటి మీద పదకొండంకెల నంబరు. ఆ బండి పొడుగునా నడుచుకుంటూ పోయి, అన్ని నంబర్లూ పుస్తకంలోకి ఎక్కించుకు రావడం వీడి పని. ఎండైనా, వానైనా. ఒక్క అంకె తప్పు పడిందా, స్టీలు ప్లాంటుకి పోవలసిన బొగ్గు ఏ సిమెంటు ఫ్యాక్టరీ గుమ్మంలోనో నిలబడి, ఎవరి పిల్లవే నువ్వు అని అడిగించుకుంటుంది. రిటైరయిన రోజున ఆఫీసరుగారు మైకులో, త్రినాథరావు ఒక్క నంబరూ తప్పు రాయని మనిషి అని చెప్పి గోడ గడియారం ఇచ్చారు. గడియారం రెండేళ్ళకే ఆగిపోయింది. ఆ మాట మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ గంటకోసారి కొడుతూనే ఉంది.

ఇవన్నీ రాస్తే తమ్ముడు నొచ్చుకోడా అంటారేమో. వాడు అక్షరాలు చదవడు. పేపరొస్తే ధరలు, ఎండ డిగ్రీలు, లాటరీ నంబర్లు చూసి మడత పెట్టేస్తాడు. ఇది అచ్చయి వాడి చేతికిచ్చినా పేజీ నంబరు చూసి, "ఇది ఏడుకి పోతాది అప్పా" అని అక్కనైన నాకే తిరిగిచ్చేస్తాడు.

నంబరు కనబడితే దాన్ని విరగ్గొట్టకుండా వదలడు, అదీ వాడి జబ్బు. ఏడుతో పోతుందా, పదకొండుతో పోతుందా, పదమూడుతో పోతుందా అని చూస్తాడు. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు, గ్యాసు పుస్తకం నంబరు, పెళ్ళిపత్రికలో పిల్లవాడి తండ్రి ఫోను నంబరు, ఏదీ వదలడు. దేనికీ విరగని నంబరు దొరికితే మాత్రం లేచి నిలబడతాడు. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేని నంబరన్నమాట. బళ్ళో దాన్ని ప్రధాన సంఖ్య అంటారట. మావాడు మొండి నంబరు అంటాడు. ఏడు మొండిది. పదమూడు మొండిది. పదిహేను మొండిది కాదు, మూడు పిలిచినా అయిదు పిలిచినా లేచి వెళ్ళిపోతుంది. నేను చదివింది మూడో తరగతే గాని పదహారో ఎక్కం దాకా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందుకని వాడి గోల నాకు అర్థమయ్యేది. ఎమ్మేలు చదివినవాళ్ళు మా వీధిలో ముగ్గురున్నారు, వాళ్ళకి కాలేదు.

సెలూన్ సాయిశంకర్ కొత్త బండి కొన్నాడు. అంకెలన్నీ కలిపితే తొమ్మిది రావాలని పట్టుబట్టి నంబరు తెచ్చుకున్నాడు. నిమ్మకాయలు కట్టి, పసుపు పూసి, బండిని వీధిలో నిలబెట్టాడు. మావాడు వెళ్ళి నంబరు చూసి పెదవి విరిచాడు.

"ఏటిరా సాయీ, తొమ్మిది కలిసిందని సంబరపడిపోతన్నావా? అంకెలు కలిపితే తొమ్మిదొచ్చిందంటే ఆ నంబరు తొమ్మిదికి లొంగిపోయినట్టే. తొమ్మిదీ తింటాది, మూడూ తింటాది. ఈ ఈదిలో అదృష్టం బళ్ళన్నీ ఒకే ఎక్కంలో పుట్టిన పిల్లలురా. ఒక్కటీ మొండిది కాదు."

"మొండి బండి నాకేటికి బాబాయ్? మీట నొక్కితే స్టార్టయితే సాలు," అన్నాడు సాయిశంకర్.

అలాంటి మనిషికి, పదిహేనేళ్ళ కిందట ఒక వానాకాలంలో, ఒక బొగ్గు వ్యాగన్ మీద ఈ నంబరు ఎదురైంది:

10121003621.

ఏడుతో చూశాడు, పోలేదు. పదకొండు, పదమూడు, పదిహేడు, పోలేదు. మామూలుగా ఏ నంబరైనా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేలోగా విరిగిపోయేది. ఇది డ్యూటీ దిగేదాకా విరగలేదు. అరచేతి మీద పెన్నుతో రాసుకుని ఇంటికి వచ్చాడు. మొగుడి అరచేతిలో నంబరు చూసి పోతమ్మ ఊరుకుంటుందా? వాడు స్నానానికి వెళ్ళకముందే బట్టీ పట్టి, ఒక అంకె ఎక్కువుందని మొదటి ఒకటి తీసేసి, ఫోను చేసింది. అలాంటి నంబరు లేదని మిషను చెప్పింది. మూడుసార్లు చెప్పించుకుని అప్పుడు అన్నం పెట్టింది.

వారం గడిచింది, నెల గడిచింది. నంబరు విరగలేదు. మావాడు సెలూన్లో కూర్చుని, ఇది మొండిదే, ఎవరికీ లొంగదు అని ప్రకటించాడు. ఆ పక్క కుర్చీలో గవర్రాజున్నాడు. పోతమ్మకి సొంత అన్న, స్టీలు ప్లాంటులో క్రేను నడిపి దిగినవాడు, మీసంలో మావాడికి సరిజోడు.

"ఏటి బావా నీ గొప్ప?" అన్నాడు గవర్రాజు. "ఎంత ఇనుమైనా ఒక దగ్గర ఇరుగుతాది. నంబరు ఇరగదేటి?"

"ఇరగదు."

"ఇరిగితే?"

"నా మీసం తీయించీస్తాను. ఇరక్కపోతే నీది తీయించుకుంటావా?"

"తీయించుకుంటాను. సాయీ, ఇన్నావు కదా? నువ్వే సాచ్చివి."

"సాచ్చం సెప్తాను గాని, గెడ్డం సబ్బు ఆరిపోతంది మావా, తల తిప్పకు," అన్నాడు సాయిశంకర్.

ఇదీ పందెం. దానికో షరతు: మిషను ముట్టకూడదు. క్యాలిక్యులేటరు, కంప్యూటరు, ఫోను, ఏదీ. మిషనుకి చెప్తే నంబరు ఇంక నాది కాదు అన్నాడు మావాడు. గవర్రాజు కూడా ఒప్పుకున్నాడు. దొంగచాటుగా చూసుకుని గెలిచే మనిషి కాదు వాడు. ఆ ఒక్క గుణానికే వాడితో వియ్యం కలుపుకున్నాం.

పని ఎలా సాగిందో చెబుతాను. ముందు మావాడు మూడు నుంచి లక్ష దాకా ఉన్న బేసి సంఖ్యలన్నీ రాశాడు. పాత క్యాలెండర్ల వెనక, శుభలేఖల వెనక, ఎలక్షను కాగితాల వెనక. మూడో ఎక్కంలో వచ్చేవి కొట్టేశాడు, అయిదో ఎక్కంలోవి, ఏడో ఎక్కంలోవి, అలా కొట్టుకుంటూ పోయాడు. దెబ్బ తగలకుండా మిగిలినవి మొండివి. రెండుతో కలిపి తొమ్మిదివేల అయిదువందల తొంభై రెండు తేలాయి. ఇప్పుడు వీటిలో ఒక్కొక్కదాంతో ఆ పెద్ద నంబరుని భాగించి చూడాలి. వారానికి పన్నెండు, పదమూడు.

"లచ్చతో అయిపోద్దేటి? కోట్లు లేవేటి?" అని అడిగాడు గవర్రాజు ఒకసారి.

"కావిడి సూసావు కదా బావా. రెండు పక్కలా కడవలుంటాయి. ఒక పక్క పెద్ద కడవైతే రెండో పక్క సిన్నదే ఉండాల. సిన్న కడవలన్నీ ఎతికీస్తే పెద్దవి ఎతకక్కర్లేదు. లచ్చా ఆరొందల మూడు దాకా సూస్తే సాలు. అక్కడికి రెండు కడవలూ సమానమైపోతాయి."

గవర్రాజుకి కడవల దాకా అర్థమైంది.

కూర్చుని భాగహారం చేయడం మావాడికి రాదు. ముప్పై ఆరేళ్ళు నడుస్తూ అంకెలు పట్టినవాడు. ఎవరో ఒకరు అంకెలు అరవాలి, వాడు నడుస్తూ పట్టుకోవాలి. అందుకని ప్రతి పొద్దునా పోతమ్మ వాకిట్లో కూరలు తరుగుతూ "వన్, జీరో, వన్, టూ, వన్" అని అరుస్తుంది. వాడు పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ మనసులో భాగిస్తాడు. చివరికి ఆగి, శేషం ఎంతో చెబుతాడు. పోతమ్మ చాక్‌పీసుతో గోడ మీద రాస్తుంది. మా రెండిళ్ళకీ ఒకే గోడ, అవతలి పక్క నేను. పదిహేనేళ్ళు సుప్రభాతం బదులు ఇదే విన్నాను. మా వీధి పిల్లలకి అ ఆ ల కంటే ముందు ఈ నంబరు వచ్చేది.

కిందటి నెల లక్ష లోపువన్నీ అయిపోయాయి. ఒక్కటీ లోపలికి పోలేదు. ఇంక లక్ష దాటాక యాభై మిగిలాయి. తొమ్మిదివేల అయిదువందల మంది దులుపుకుని పోయాక ఈ యాభై మంది ఏం చేస్తారని, మావాడు ఆ సాయంత్రం వీధికంతటికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. పెట్టించాడు అంటే వేసింది నేను. గవర్రాజు కూడా వచ్చాడు. మీసానికి నల్ల రంగు వేసుకుని మరీ వచ్చాడు, పోయేముందు ఒకసారి అందంగా ఉండనీ అని. వాడితో మనవరాలు చంద్రిక కూడా వచ్చింది. మధురవాడలో కంప్యూటరు ఆఫీసులో పని.

"తాతా, ఇంకా యాభై దేనికి? ఒక్క సెకను," అని ఫోను తీసింది ఆ పిల్ల.

"ఒగ్గీ! గుంటా, ఒగ్గీ దాన్ని!" అని మావాడు ఫోను మీద పడ్డాడు. ఆ పిల్ల వదల్లేదు, వాడు వదల్లేదు. ఫోను జారి నా శనగపిండి గిన్నెలో పడింది. తీసి తుడిస్తే పనిచేసింది. ఆ పిండితోనే మిగతా బజ్జీలు వేశాను. ఎవరూ వంక పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న, లక్ష దాటిన మొదటి మొండి నంబరు. 1,00,003. 

పోతమ్మ వంకాయలు తరుగుతూ అంకెలు అరిచింది. చివరి అంకె అరిచింది. శేషం చెప్పే మనిషి చెప్పలేదు.

"వదినా!" అని గోడ మీంచి పిలిచింది. "మీ తమ్ముడు జామచెట్టు కాడ ఆగిపోనాడు. కదల్డం లేదు."

నేను వెళ్ళేసరికి వాడు చెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"అప్పా, శేషం లేదు," అన్నాడు.

"సరిగ్గా సూడరా."

"లచ్చా ఏడూ... కాదు, లచ్చా పన్నెండొందల ఏడు సార్లు పోయింది. లచ్చతో కొడితే మిగిలింది మూడు లచ్చల మూడువేల ఆరొందల ఇరవై ఒకటి. అది మళ్ళీ దానికి మూడు రెట్లు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నున్నగా పోయింది అప్పా."

పోతమ్మ వంకాయ పక్కన పెట్టింది. "ఆ పోయినదాన్నయినా ఇరగ్గొట్టు మావా, కోపం తీరతాది," అంది.

"అదీ మొండిదే. లచ్చా మూడు మొండిది, లచ్చా పన్నెండొందల ఏడు మొండిది. రెండు మొండోళ్ళు కలిసి ఒక మెత్తనోడిని కన్నారు," అని వాడు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

తమ్ముడి మొహం చూస్తే జాలి వేసింది. జాలి వేస్తే నాకు తిట్లు వస్తాయి.

"పదిహేనేళ్ళు గోడలన్నీ సున్నం ఊడేలా రాసీసినావు. యార్డులో ఉన్నప్పుడు పెతి నంబరుకీ సివరంకె సరి సూసుకునీవోడివి కదా. దీనికి సూసినావా?"

ఆ సంగతి ఏమిటంటే, వ్యాగన్ నంబరులో చివరి అంకె ఉత్తది కాదు, కాపలాది. ముందున్న పదింటిలో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లో ఉన్న అంకెలు కలిపి మూడు రెట్లు చేయాలి. మిగతా అయిదూ కలిపి దానికి చేర్చాలి. వచ్చినదానికి పైన నిండు పదికి ఎంత తక్కువో అదే చివరి అంకె కావాలి. కాకపోతే ఎక్కడో తప్పు రాశారన్నమాట. వాడు రోజుకి నాలుగైదు బళ్ళకి ఈ లెక్క నడుస్తూ చూసేవాడు. నాకూ వాడే నేర్పాడు.

"దీనికి సూళ్ళేదు," అన్నాడు.

"ఏం?"

"మనసు పడ్డ పిల్లకి జాతకం సూస్తారేటి అప్పా?"

నేను పోతమ్మ చేతిలో చాక్‌పీసు లాక్కుని గోడ మీద వేశాను. సున్నా, రెండు, సున్నా, మూడు, రెండు: ఏడు. మూడేళ్ళు ఇరవై ఒకటి. ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా, ఆరు: తొమ్మిది. మొత్తం ముప్పై. నిండు పది. తక్కువేమీ లేదు. చివరి అంకె సున్నా ఉండాలి.

ఉన్నది ఒకటి.

వాడు గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తరవాత నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని ఆరుని చెరిపి అయిదు వేశాడు. మొత్తం ఇరవై తొమ్మిది. ముప్పైకి ఒకటి తక్కువ. చివరి అంకె ఒకటి. సరిపోయింది.

"ఆ రోజు వానొచ్చింది," అన్నాడు నెమ్మదిగా. "బొగ్గు నీళ్ళు కారతన్నాయి. అయిదు పొట్ట కింద కారీసి ఉంటాది. నాను ఆరు అని రాసీసాను."

అంటే ఆ నంబరు గల వ్యాగనే ఈ భూమ్మీద లేదు. ఒక్క నంబరూ తప్పు రాయనివాడు ఒకే ఒక్క నంబరు తప్పు రాశాడు, దాన్నే పదిహేనేళ్ళు నెత్తిన పెట్టుకున్నాడు. ఆనాడు ముందు స్టేషన్లో ఎవరో దిద్దే ఉంటారు, దిద్దినవాడు మర్యాదస్తుడు కాబట్టి నోరెత్తి ఉండడు.

పోతమ్మ ఎగిరి గంతేసింది. "ఇంకేటి మావా! ఆ నంబరు బండే లేనప్పుడు పందెం ఎక్కడిది? మాయన్నకి సెప్పీ. మీసం ఉంటాది!"

మరదలి తెలివి ఎప్పుడూ అంతే, సగం దూరం బ్రహ్మాండంగా పోతుంది. మిగతా సగం నేను చెప్పాను. మీసం ఉండాలంటే నంబరు తప్పు రాశానని సెలూన్లో నలుగురి ముందు ఒప్పుకోవాలి. పేరు ఉండాలంటే నోరు మూసుకుని మీసం ఇచ్చేయాలి. రెండూ ఉండవు.

వాడు నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "అప్పా, నీకు దండం పెడతాను, ఎవులికీ సెప్పకు. పోతీ, నీక్కూడా."

నంబరు విరిగిందని మాత్రం గవర్రాజుకి వాడే కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున్న సెలూన్ నిండిపోయింది. గోపాలపట్నం నుంచి కూడా మనుషులొచ్చారు, అంత ప్రచారం జరిగింది. ఆడవాళ్ళం గుమ్మం దగ్గర నిలబడ్డాం. గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రంగు మీసంతో, పెళ్ళికొడుకులా దిగాడు. మావాడు కుర్చీలో కూర్చున్నాడు. సాయిశంకర్ కొత్త బ్లేడు విప్పాడు.

బ్లేడు చూసేసరికి గవర్రాజు మొహం మారిపోయింది. నలభై ఏళ్ళు పక్క పక్కన పెంచుకున్న మీసాలవి.

"ఆగు సాయీ," అన్నాడు. "బావా, మరోపాలి సూడరాదేటి? భాగారంలో ఎక్కడో జారుంటావు."

"జార్లేదు."

"శేషం ఉండుంటాది బావా. ఒక్కటో రెండో. సరిగ్గా ఎతుకు."

"లేదు. గొరుగు సాయీ."

"ఆగమంతన్నానా! బావా, నా మాటిను. పోనీ, ఆ నంబరే తప్పు రాసుకునుంటావు. వానో, సీకటో. అలాగని ఒక్క మాట అను. పందెం కొట్టీద్దాం. నాకేటీ ఒద్దు."

పోతమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. అద్దంలో మావాడి కళ్ళు తిన్నగా నా మీదికి వచ్చాయి. నేను పైకప్పు చూశాను.

"నానా?" అని లేచాడు త్రినాథరావు. మెడకి కట్టిన గుడ్డతోనే లేచాడు. "నాను తప్పు రాసానా? ముప్పయ్యారేళ్ళు! ఒక్క నంబరు! ఎవుడైనా ఏలెత్తి సూపించాడా? మీసం పోతే పోనీ గాని ఆ మాటంటే మాత్రం నువ్వూ నానూ బావలం కాదు. సాయీ, ఏటి సూస్తన్నావ్? బేగి కానీ!"

బేగి అయిపోయింది. రెండు గీతల్లో పోయింది. కింద పడ్డ వెంట్రుకలు చూసి గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. మీసం రంగు చేతికంటుకుని కళ్ళ కింద నల్లగా అయింది. గెలిచినవాడు ఏడుస్తుంటే ఓడినవాడు ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. అక్కడికొచ్చిన జనానికి ఎవరు ఓడిపోయారో చివరిదాకా తెలియలేదు.

పోతమ్మ లోపలికి వెళ్ళి మొగుడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నలభై ఏళ్ళ కాపరంలో ఈ పెదివి నాను సూళ్ళేదు వదినా," అంది. "బాగానే ఉంది. ఇన్నాళ్ళూ దేనికి దాసీసాడో."

మావాడు సెలూన్ మెట్టు దిగుతూ గవర్రాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, ఇంకో నంబరుంది. 10121003521. ఇది మొండిదే, రాసిస్తాను. మీసం మీద మీసం."

"అదేటి, ఒక్క అంకే కదేటి తేడా?"

"ఒక్క అంకె తేడా అంటే ఏరే బండి," అన్నాడు మావాడు.

"నీకు మీసమే లేదు కదా, ఏటి కాస్తావు?"

"ఇది తేలేసరికి పదిహేనేళ్ళు. అప్పటికి రాదేటి?"

గవర్రాజు కళ్ళ కింద నలుపుతోనే నవ్వి, సరే అన్నాడు.

సోమవారం పొద్దున్న గోడ అవతల మళ్ళీ మొదలైంది. ఏడుతో భాగిస్తే ఆరు మిగిలింది. పదకొండుతో రెండు మిగిలింది. పదమూడు దగ్గర పోతమ్మ పాత అలవాటు కొద్దీ "త్రీ, సిక్స్, టూ, వన్" అని అరిచింది.

"ఫైవు!" అని పెరడు దద్దరిల్లేలా అరిచాడు మావాడు. "ఫైవే! ఎప్పుడూ ఫైవే!"

నేను ఇవతల నుంచి దగ్గాను. వాడు గొంతు తగ్గించి, శేషం అయిదు అన్నాడు.